రెండో బ్రిజెట్

పక్కింటి ముసలాయన డోర్‌బెల్ కొడితే ఒకప్పుడు వసుమతి తడిచేతులు చీరకొంగుకి తుడుచుకుంటూ పరుగున ఎదురెళ్లేది. ఏడాదిన్నర తిరిగేసరికి అదే బెల్ మోగితే వంటింట్లో ఫ్రిజ్ పక్కన నక్కి, ఇంట్లో ఎవరూ లేనట్టు ఊపిరి బిగబట్టుకుని నిలబడే స్థితికి వచ్చింది. ఎమ్మే చదివిన మనిషి, తొమ్మిదేళ్ల కూతురున్న తల్లి, దొంగలా నక్కడం చూడ్డానికి ఏం బాగుంటుంది? కానీ నక్కింది. ఎందుకు నక్కిందో తెలియాలంటే బ్రిజెట్ సంగతి మొదటినుంచీ చెప్పుకురావాలి.

ఎనభై రెండులో వసుమతి భర్త జగదీష్‌కి కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆఫీసు దగ్గర అద్దెలు చుక్కల్లో ఉన్నాయని ఫ్రీమాంట్‌లో ఇల్లు తీసుకున్నారు. వసుమతిది డిపెండెంట్ వీసా. అంటే వంట చెయ్యొచ్చు, కూతురు రేణుని స్కూల్లో దింపొచ్చు, టీవీ చూడొచ్చు, జీతం మాత్రం పుచ్చుకోకూడదు. వాల్తేరులో హిస్టరీ చదివి, అరిగిపోయిన శాసనాల అచ్చుల మీద భూతద్దం పెట్టి రోజులు రోజులు గడిపిన మనిషికి ఇది ఎంత కడుపుమంటో వేరే చెప్పక్కర్లేదు. చదవడానికి ఏదో ఒక పాత కాగితం దొరికితే చాలని ఉండేది ఆమెకి.

ఆ కాగితం పక్కింటినుంచే వచ్చింది. పక్కింటాయన పేరు లియో డెవ్లిన్. డెబ్బై ఏళ్లు. కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు తలుపులు బిగించి రిటైరయ్యాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. కంచె దగ్గర టమాటాలు ఇచ్చిపుచ్చుకోవడంతో మొదలైన పరిచయం, వసుమతి ఏం చదివిందో తెలిసిన రోజున ఒక్కసారిగా గట్టిపడింది. మర్నాడే ఒక పాత అట్టపెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు.

"నన్ను పెంచింది మా నాయనమ్మ. బ్రిజెట్ హెగార్టీ. ఐర్లండ్ నుంచి ఒక్కతే ఓడెక్కి మాసచుసెట్స్ వచ్చింది," అన్నాడు. "ఏ ఊరినుంచో ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే ఏడ్చేది. నేను పోయేలోపు ఆ ఊళ్లో ఒక్కసారి నిలబడాలి, వసూ. చదువుదామంటే నా కళ్లకి పొరలొచ్చాయి. అక్షరాలన్నీ అలుక్కుపోతున్నాయి."

పెట్టెలో పెళ్లి రిజిస్టర్ నకలు ఉంది. అందులో వధువు తండ్రి మైకేల్, తల్లి హొనోరా. సమాధి రాయి ఫొటో ఉంది. దాని మీద ఊరి పేరు లేదు, మేయో కౌంటీ అని ఐర్లండ్‌లోని జిల్లా పేరు మాత్రం చెక్కి ఉంది. వసుమతి తీగ లాగడం మొదలుపెట్టింది. పందొమ్మిది వందల సంవత్సరం జనాభా లెక్కల్లో బ్రిజెట్ దొరికింది. పుట్టింది 1856 మే నెల అని రాసి ఉంది. ఇక మేయో కౌంటీలో ఏ చర్చి పుస్తకంలో ఆ బిడ్డ బాప్తిస్మం రాసి ఉందో కనుక్కుంటే పని అయిపోతుంది.

గురువారం గురువారం ఇద్దరూ బార్ట్ రైలెక్కి ఓక్లండ్ వెళ్లేవాళ్లు. అక్కడ పాత రికార్డుల ఫిల్ములు చూపించే లైబ్రరీ ఒకటి ఉండేది. ఏ ఊరి ఫిల్ము కావాలో రాసిస్తే ఆరు వారాలకి తెప్పించేవారు. ఆమె చీకటి గదిలో యంత్రం ముందు కూర్చుని పిడి తిప్పుతుంటే, లియో పక్కన కుర్చీలో టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. పాదిరీల రాత కోడి గెలికినట్టుండేది, పైగా లాటిన్. తేదీ, బిడ్డ పేరు, తండ్రి, తల్లి, పల్లె. అంతే. పుట్టుకలకి పుస్తకం ఉంది గానీ చావులకి లేదు. ఏ బిడ్డ బతికిందో ఏ బిడ్డ పోయిందో ఆ దేవుడికే తెలియాలి.

చదవగా చదవగా వసుమతికి ఒక సంగతి తెలిసింది. ఐర్లండ్ వాళ్లు పెద్దకొడుక్కి తాత పేరు పెట్టుకుంటారు. అచ్చం మనలాగే! ఆ పట్టు దొరికాక ఆమెకి ఎక్కడలేని హుషారొచ్చింది. తాత పేరు చూసి మనవణ్ణి పట్టుకునేది, మనవణ్ణి చూసి తాత ఎవరో చెప్పేసేది. రాత్రి భోజనాల దగ్గర జగదీష్‌తో, "వీళ్లంతా మనవాళ్లేనండీ, తెల్లగా ఉన్నారంతే," అని నవ్వేది. తప్పు అక్కడే మొదలైంది. మనవాళ్లే అనుకున్నాక మనవాళ్లు చెయ్యని పని వాళ్లూ చెయ్యరనుకుంది.

కిల్‌బ్రాన్ అనే ఊరి ఫిల్ములో హెగార్టీ మైకేల్, హొనోరా కనిపించారు. 1853 ఫిబ్రవరిలో వాళ్లకొక కూతురు, బ్రిజెట్. మూడేళ్ల తర్వాత 1856 మేలో అదే పల్లెలో అదే దంపతులకి మళ్లీ ఒక బ్రిజెట్. వసుమతి చెయ్యి పిడి మీద ఆగిపోయింది. ఒక తల్లి ఇద్దరు కూతుళ్లకి ఒకే పేరెందుకు పెడుతుంది? మొదటిది పోయిందేమో అన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది. వచ్చీ రాగానే దాన్ని ఆమె తోసేసింది.

ఎందుకంటే రేణుకి ముందు వసుమతికి గుంటూరు ఆస్పత్రిలో ఒక ఆడపిల్ల పుట్టింది. పదకొండు రోజులు బతికింది. శాంతి అని పిలుచుకున్నారు. రెండేళ్లకి రేణు పుట్టినప్పుడు అత్తగారు సీతమ్మ, "దీనికీ శాంతి అనే పెడదామా?" అంది. వసుమతి మంచం మీదనుంచి లేచి కూర్చుని, ఆ పేరు మళ్లీ ఎత్తితే ఊరుకోనని అరిచి, ఆ పూటంతా ఏడ్చింది. వాళ్ల వైపు పోయిన బిడ్డ పేరు ఎవరూ పెట్టరు. వరసగా పిల్లలు పోతుంటే బిడ్డని పెంటకుప్ప మీద దొర్లించి, చావుకి కూడా అసహ్యం వెయ్యాలని పెంటమ్మ అనో పుల్లయ్య అనో పేరు పెడతారు. అంతేగానీ పోయినదాని పేరు తెచ్చి బతికున్నదాని నెత్తిన పెడతారా? కన్నతల్లి అలా చెయ్యదు. వీళ్లిద్దరూ వేరే వేరే మైకేళ్ల పిల్లలయినా అయివుండాలి, పాదిరీ అయినా పొరపాటు రాసివుండాలి. నోట్‌బుక్‌లో కిల్‌బ్రాన్ పేజీ మీద పెన్సిల్‌తో అడ్డంగా గీత కొట్టేసింది.

పది మైళ్ల దూరంలో డ్రమ్‌కారా ఊరి ఫిల్ములో ఇంకో మైకేల్, ఇంకో హొనోరా, వాళ్లకి ఒకే ఒక్క బ్రిజెట్ దొరికారు. పుట్టింది 1857 ఆగస్టు. ఏడాది తేడా, నెల తేడా. జనాభా లెక్కల వాళ్లు వయసులు సరిగ్గా ఎప్పుడు రాశారు గనక, అనుకుంది. "దొరికింది, మిస్టర్ డెవ్లిన్," అని గట్టిగా అనేసరికి పక్క యంత్రం వాళ్లు తిరిగి చూశారు.

"ఖాయమేనా?" అని అడిగాడు లియో.

అప్పుడు చెప్పివుండాలి. ఇంకో ఊరు కూడా ఉంది, నాకు అనుమానంగా ఉంది అని ఒక్క మాట. కానీ ఆ ముసలాయన తన ముఖంలోకి దేవుణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. ఎనిమిదేళ్లుగా ఆమె చదువుకి ఎవరూ అంత విలువ ఇవ్వలేదు. "నూటికి నూరు పాళ్లు," అంది వసుమతి.

ఎనభై నాలుగు జూన్‌లో లియో డ్రమ్‌కారా వెళ్లొచ్చాడు. అక్కడ నోరా హెగార్టీ అని ఒకావిడ దొరికిందట. వరసకి చెల్లెలవుతుందని తేల్చుకున్నారట. టీ ఇచ్చి, పొగచూరిన గోడలు చూపించి, ఇదే మీ నాయనమ్మ పుట్టిన ఇల్లు అందట. ఆ మట్టిగచ్చు మీద మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చానని చెబుతూ మళ్లీ ఏడ్చాడు. వసుమతికి ఉన్ని శాలువా తెచ్చాడు. నోరాతో దిగిన ఫొటో ఫ్రేము కట్టించి టీవీ మీద పెట్టుకున్నాడు. వారం వారం ఉత్తరాలు రాసుకునేవారు. ఆ మూడు నెలలూ వసుమతి నేల మీద నడవలేదనే చెప్పాలి.

అక్టోబర్‌లో ఒక గురువారం ఆమె ఒక్కతే లైబ్రరీకి వెళ్లింది. టేబుల్ మీద వంశవృక్షాల పత్రిక ఒకటి పడి ఉంటే ఊరికే తిరగేసింది. వెనక పేజీల్లో బంధువుల కోసం వెతుక్కునేవాళ్ల ప్రకటనలు ఉన్నాయి. వాటిలో ఒకటి ఇలా ఉంది: "మా తాతగారి చెల్లెలు బ్రిజెట్ హెగార్టీ, కిల్‌బ్రాన్, మేయో కౌంటీ. 1856 మేలో పుట్టింది. మూడేళ్ల వయసులో జ్వరంతో పోయిన అక్క పేరే ఆమెకి పెట్టారు. 1874లో మాసచుసెట్స్ వెళ్లి ప్యాట్రిక్ డెవ్లిన్‌ని పెళ్లాడింది. ఆమె మా తాతగారికి రాసిన ముప్పై ఒక్క ఉత్తరాలు నా దగ్గర ఉన్నాయి. నాకు ఎనభై మూడేళ్లు. ఆమె మనవలెవరైనా ఉంటే వాటిని వాళ్ల చేతిలో పెట్టాలని ఉంది. దయచేసి త్వరగా రాయండి. కేట్ హెగార్టీ."

వసుమతి ఆ ప్రకటన రెండుసార్లు చదివింది. అడ్రసు కాగితం మీద ఎక్కించుకుంది. పత్రిక మూసి, దాని మీద ఇంకో నాలుగు పత్రికలు పెట్టింది. ఎవరూ చూడకుండా దాచానని తనకే తెలిసి చెంపలు మండాయి.

ఇంటికొచ్చి జగదీష్‌కి చెప్పింది. అతను షూ విప్పుకుంటూ విన్నాడు.

"నువ్వేమన్నా ఫీజు చార్జ్ చేశావా? ఫ్రీగా హెల్ప్ చేశావు," అన్నాడు. "ఆయన హ్యాపీగా ఉన్నాడు. ఆ నోరా హ్యాపీగా ఉంది. ఇప్పుడు వెళ్లి మీ నాయనమ్మ ఇల్లు ఇది కాదు అదీ అంటే హార్ట్ ఎటాక్ వస్తుంది. వదిలెయ్."

"మరి ఆ కిల్‌బ్రాన్ ఆవిడండీ?"

"ఆవిడ నీకు తెలీదుగా."

నిజమే, తెలియదు. ఆ మాట పట్టుకుని వేళ్లాడింది వసుమతి. ముందు క్రిస్మస్ పండగ వెళ్లనీ అనుకుంది, పండగా వెళ్లింది. ఆయన కళ్ల ఆపరేషన్ కానీ అనుకుంది. పండగ వెళ్లనీ అనుకుంది, పండగా వెళ్లింది. నోరా పంపిన క్రిస్మస్ కార్డు లియో మూడుసార్లు చదివి వినిపించాక ఇంకేం చెబుతుంది? ఆయన ఎదురుపడితే రేణు హోంవర్క్ అనేది, పొయ్యి మీద పాలు అనేది. చివరికి బెల్ మోగితే ఫ్రిజ్ పక్కన నక్కింది. రేణు మాత్రం ఊరుకునేది కాదు. "అమ్మా, లియో అంకుల్ వచ్చాడు. నువ్వు హైడ్ చేస్తున్నావ్ ఎందుకు?" అని గట్టిగా అడిగేది. ఆయనకి వినబడే ఉంటుంది.

ఏప్రిల్‌లో సీతమ్మ ఆరు నెలలు ఉండిపోవడానికి గుంటూరు నుంచి వచ్చింది. ఆవిడ కళ్లకి ఏదీ దాగదు. కోడలు పక్కింటివైపు కిటికీ తెర తియ్యడం లేదని నాలుగోరోజుకే కనిపెట్టింది. మే నెలలో ఒక మధ్యాహ్నం గోంగూర తుంచుతూ, "ఆ పెద్దాయనతో ఏవఁన్నా మాటా మాటా వచ్చిందా అమ్మాయ్?" అని అడిగింది. వసుమతి ఆకులు పక్కన పడేసి మొత్తం చెప్పేసింది. చెప్పి, "పోయిన పిల్ల పేరు ఏ తల్లయినా పెడుతుందా అత్తయ్యా? మీరే చెప్పండి," అంది, తీర్పు తనవైపు రావాలని.

సీతమ్మ గోంగూర కట్ట పక్కన పెట్టింది. "నేను పెడదామన్నాను గదుటే," అంది. "నువ్వు ఏడ్చావని మానుకున్నా. నాకూ పోయింది గదా ఒక మనవరాలు. దాన్ని ఎత్తుకున్నది పదకొండు రోజులు. రేణుకి ఆ పేరు పెడితే, దీన్ని పిలిచినప్పుడల్లా దాన్నీ ఒకసారి పిలుచుకున్నట్టుంటుందని నా ఆశ. అది తప్పంటావా?"

పదకొండేళ్లుగా వసుమతి ఆ శోకం తన ఒక్కదానిదే అనుకుంది. తన పక్కనే మంచం కోడు పట్టుకుని నిలబడిన మనిషికి కూడా అందులో వాటా ఉందని ఆమెకి ఎప్పుడూ తట్టలేదు. ఇంట్లో మనిషినే చదవలేనిదాన్ని నూట ముప్పై ఏళ్ల కిందటి తల్లి మనసు చదివేశాననుకున్నాను గదా అని సిగ్గుతో చచ్చిపోయింది.

"ఎనభై ఏళ్లు దాటిన మనిషి త్వరగా రాయండి అంటే త్వరగా అనే అర్థం, అమ్మాయ్," అంది సీతమ్మ. "ఇంక కూచోకు. లే."

వసుమతి లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా కంచె దాటి వెళ్లి లియో ముందు నిలబడి, కిల్‌బ్రాన్ సంగతి, ఇద్దరు బ్రిజెట్‌ల సంగతి, పెన్సిల్ గీత సంగతి చెప్పింది. శాంతి సంగతి కూడా చెప్పింది. ఒక పత్రికలో ప్రకటన చూశానని, ఇదీ అడ్రసని కాగితం ఇచ్చింది. ఎప్పుడు చూసిందో మాత్రం చెప్పలేదు. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. వాకిట్లోకి వచ్చాక అది గుర్తొచ్చి ఆగింది గానీ, వెనక్కి వెళ్లలేకపోయింది.

లియో కోప్పడలేదు. టీవీ మీది ఫొటోవైపు చూశాడు. తర్వాత మెల్లగా, "మే నెలలో తన పుట్టినరోజున నాయనమ్మ చర్చికి వెళ్లి కొవ్వొత్తి వెలిగించేది," అన్నాడు. "ఎవరికోసం అని అడిగితే బ్రిజెట్ కోసం అనేది. తన పేరు తనే చెప్పుకుంటోందని మేం పిల్లలం నవ్వేవాళ్లం." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "నీ తప్పేముంది? పోయిన అక్క పేరు పెట్టారని నాకు తెలిసుంటే నేనే చెప్పేవాణ్ణి కదా. ముప్పై ఒక్క ఉత్తరాలా? తన చేత్తో రాసినవా?"

ఆ సాయంత్రమే కేట్ హెగార్టీకి ఉత్తరం రాసి పోస్టు చేశాడు. మర్నాటినుంచి రోజూ పది గంటలకి మెయిల్‌బాక్స్ దగ్గర నిలబడేవాడు. కొత్త కళ్లద్దాలు కొనుక్కున్నాడు, ఆ చేతిరాత తనే చదువుకోవాలట. వసుమతికి ఏడు నెలల తర్వాత అన్నం సహించింది. చెప్పేశాను, ఆయన క్షమించాడు, అయిపోయింది అనుకుంది.

జులై మొదట్లో బెల్ మోగింది. వసుమతే వెళ్లి తలుపు తీసింది. లియో లోపలికి రాలేదు. చేతిలో విప్పిన ఉత్తరం ఉంది. రాసింది కేట్ కాదు, కిల్‌బ్రాన్ పాదిరీ. లియో గడపవతలే నిలబడి, కొత్త కళ్లద్దాలతో చదివి వినిపించాడు.

కేట్ హెగార్టీ మార్చి తొమ్మిదిన పోయింది. ప్రకటన వేయించినప్పటినుంచీ రోజూ గేటు దగ్గర పోస్ట్‌మ్యాన్ కోసం ఎదురుచూసేది. జనవరిలో కాళ్లు పడిపోయాక, అతను వచ్చే దారి కనబడాలని మంచం కిటికీ దగ్గరికి జరిపించుకుంది. ఆఖరి వారంలో పాదిరీని పిలిచి, బ్రిజెట్ వాళ్లు ఎవరూ మిగల్లేదు కాబోలు, ఈ ఉత్తరాలు ఊళ్లోవాళ్లు పొయ్యిలో వేస్తే చూడలేను, నాతోనే పంపేయండి అంది. ముప్పై ఒక్క ఉత్తరాలూ ఆవిడ చేతుల కింద పెట్టి శవపెట్టె మూశారు. మీ జాబు మూడు నెలల ముందు చేరివుంటే ఆమె ఎంత సంతోషించేదో, అని రాశాడు పాదిరీ.

లియో కాగితం మడిచాడు. "వసూ, ఆ పత్రిక నువ్వు ఎప్పుడు చూశావు?"

మే నెలలో అనవచ్చు. లైబ్రరీకి పత్రికలు ఆలస్యంగా వస్తాయి, ఆయనకి తెలిసే దారి లేదు. వంటింట్లోంచి సీతమ్మ తొంగిచూస్తోంది. వసుమతి ముసలాయన ముఖంలోకి చూసింది. అందులో కోపం లేదు. మే అని చెప్పమని బతిమాలుతున్నట్టుగా ఉన్నాయి ఆ కళ్లు.

"అక్టోబర్‌లో," అంది.

లియో తలూపాడు. పెదవులు కదిలాయి. అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి అని ఆయన నెలలు లెక్కపెట్టుకుంటున్నాడని ఆమెకి అర్థమైంది. మార్చి దగ్గర ఆగిపోయాడు.

"గీత కొట్టావు చూడు, అది నేను ఎప్పుడో మరిచిపోయాను," అన్నాడు. ఉత్తరం ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నా దగ్గర వద్దు. నువ్వు ఉంచుకో."

ఆయన తన వాకిట్లోకి వెళ్లి తలుపు మెల్లగా వేసుకున్నాడు. వసుమతి ఉత్తరం ఉంచుకుంది.